కువైట్ పెట్టెలో వచ్చిన కారు: ఆన్‌రోడ్ ఆర్సీ కొనే ముందు కొంచెం చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల మొదలైంది. ప్రొద్దుటూరు నుంచి ఇంటర్ చదివే తమ్ముడొకడు రాశాడు. "అన్నా, పద్దెనిమిది వేలు జమ చేసినా. ఆన్‌రోడ్ ఆర్సీ కారు, రెడీ టు రన్ కావాల. ఏది కొనాలో ఒక్క పేరు చెప్పు చాలు" అని. ఒక్క పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. కానీ పద్దెనిమిది వేలు అంటే ఆ వయసులో ఎంత పెద్ద మొత్తమో నాకు తెలుసు. పైగా ఇదే తప్పు నేను ఒకసారి చేసినా. అందుకే పేరు చివర్లో చెప్తా. ముందు మా చిన్నమామ గురించి చెప్పాలి.

మాది రాయచోటి దగ్గర పల్లె. అప్పట్లో కడప జిల్లా. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, ఈ పక్క నుంచి కువైట్‌కి పోయిన మనిషి లేని వీధి ఉండదు. డెబ్బైల్లో చమురు డబ్బు మొదలైనప్పటి నుంచి పోతూనే ఉన్నారు. వాన లేని చేను, అప్పు, పాస్‌పోర్ట్. మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, 1985లో పోయినాడు, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా. అప్పట్లో కువైట్ నుంచి వచ్చే పెట్టెలో ఏముంటుందో ఊరంతటికీ తెలుసు: టేప్ రికార్డరు, పాలపొడి డబ్బాలు, సెంటు బుడ్లు, తలనొప్పి బామ్, కంబళి. ఇంట్లో మగపిల్లోడు ఉంటే ఒక రిమోట్ కారు.

మన దగ్గర ఆర్సీ కారు చరిత్ర రాయాలంటే హాబీ షాపుల దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. మా జిల్లాకు అది మద్రాసు ఎయిర్‌పోర్ట్‌లో దిగి, తాళ్ళు కట్టిన పెట్టెలో బస్సు టాపు మీద వచ్చింది.

ఎందుకలా? రెండు కారణాలు. ఒకటి, విదేశీ ఆటబొమ్మ మామూలుగా దిగుమతి చేసుకొని అమ్ముకునే రోజులు కావవి. మిగిలిన దిగుమతి పరిమితులు 2001 ఏప్రిల్ 1న ఎత్తేశాకే బజారంతా చైనా సరుకు నిండింది. రెండోది చాలామందికి తెలియదు. రిమోట్ అంటే రేడియో ట్రాన్స్‌మిటర్. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం. ఆ చట్టం స్థానంలో కొత్తది 2023లో చేశారు. అంటే కాగితం మీద చూస్తే, మా వీధిలో లుంగీ కట్టుకొని ఏరియల్ లాగి కారు తిప్పిన ప్రతి కువైట్ మామా ఒక వైర్‌లెస్ ఆపరేటరే. ఎవరూ పట్టించుకోలేదనుకోండి. పోలీసులకు వేరే పనులుండె.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. రేడియోతో దూరం నుంచి బండి నడపడం 1898లో నికోలా టెస్లా చూపించినాడు, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీళ్ళ తొట్టిలో చిన్న పడవతో. అదే సంవత్సరం నవంబర్ 8న పేటెంట్ వచ్చింది. చూసిన వాళ్ళకు అది మాయగా అనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇది విమానాల మోడళ్ళు చేసే వాళ్ళ చేతుల్లో ఉండిపోయింది. రేడియో బరువుగా ఉండేది, ఖరీదుగా ఉండేది, కారులో పట్టేది కాదు.

దుకాణంలో కొనగలిగే మొదటి ఆర్సీ కారు ఇటలీ నుంచి వచ్చింది. రెజ్జో ఎమీలియా ఊర్లో ఎల్‌-జీ అనే కంపెనీ, 1966లో, ఫెరారీ 250 ఎల్ఎమ్, పన్నెండో వంతు సైజు. గమనించండి, మొదటిదే ఆన్‌రోడ్ కారు. బగ్గీ కాదు, మాన్‌స్టర్ ట్రక్కు కాదు. రేసు కారు.

అమెరికాలో ఈ ఆట పెరిగింది ఎక్కడంటే, పార్కింగ్ స్థలాల్లో. ఆదివారం ఖాళీగా ఉండే పెద్ద తారు మైదానాలు. మెత్తటి తారు, దుమ్ము తక్కువ, సుద్ద ముక్కతో గీత గీస్తే ట్రాక్ రెడీ. ఎనిమిదో వంతు సైజు, చిన్న నైట్రో ఇంజన్. శీతాకాలంలో బయట ఆడలేని చోట్ల హాల్లో కార్పెట్ పరిచి ఎలక్ట్రిక్ కార్లు తిప్పినారు. ఆన్‌రోడ్ అనే మాటలో ఉన్న రోడ్డు ఇదీ. మన రోడ్డు కాదు. నేను దీన్ని చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నా, దానికి మూల్యం కూడా కట్టినా. వస్తా ఆ సంగతికి.

తర్వాత జపాన్. షిజువోకాలో తమియా అని ప్లాస్టిక్ మోడళ్ళ కంపెనీ. వాళ్ళు పోర్షె 934 మోడల్ కోసం నిజం పోర్షె 911 ఒకటి కొని, విప్పి, కొలతలు తీసుకున్నారు. మోడల్ బాగా వచ్చింది కానీ ఖర్చు తడిసి మోపెడయింది. ఆ బాడీకే రేడియో పెట్టి అమ్మితే పెట్టుబడి వెనక్కొస్తుందని 1976 చివర్లో ఆర్సీ కారుగా వదిలినారు. మొదటి ఏడాదిలోనే లక్షకు పైగా అమ్ముడుపోయింది. మా స్టార్టప్ భాషలో పివట్ అంటారు దీన్ని. ఆ మాట వాడకుండా ఉండలేకపోయినా, క్షమించండి.

కానీ నాకు నచ్చే భాగం ఆ తర్వాతది. 1979లో అదే తమియా ఇసుకలో పోయే బగ్గీలు తెచ్చింది. ఎనభైల్లో పిల్లలందరూ వాటి వెనకే పడినారు, ఎందుకంటే ఎక్కువమంది ఇళ్ళ ముందు తారు మైదానాలు లేవు, మట్టి ఉంది. ఆన్‌రోడ్ దాదాపు రేసుల వాళ్ళకే మిగిలింది. మళ్ళీ మామూలు జనం దగ్గరికి ఎలా వచ్చిందంటే, తొంభైల మొదట్లో తమియా తన నాలుగు చక్రాల డ్రైవ్ బగ్గీ చట్రాన్నే తీసుకొని, కిందికి దించి, పైన మామూలు కారు బాడీ వేసింది. అదే టూరింగ్ కారు, పదో వంతు సైజు. ఇవాళ మీరు 'ఆన్‌రోడ్ ఆర్టీఆర్' అని వెతికితే వచ్చేవాటిలో సగం దీని వంశమే. అంటే రోడ్డు కారుకి అమ్మమ్మ మట్టి కారు.

రెడీ టు రన్ సంగతీ ఇక్కడే చెప్తా. మొదట్లో అన్నీ కిట్లు. మీరే స్క్రూలు బిగించాలి, గేర్లకు గ్రీజు పెట్టాలి, రేడియో వేరుగా కొనాలి. 1986లో టెక్సాస్‌లో మొదలైన ట్రాక్సాస్ లాంటి కంపెనీలు పెట్టె తెరిస్తే పరిగెత్తే కారు అమ్మి పెద్దవైనాయి. సుఖమే. కానీ కిట్ కట్టినవాడికి కారు లోపల ఏముందో తెలుసు, విరిగితే ఏ ముక్క విరిగిందో తెలుసు. పెట్టె తెరిచి నడిపినవాడికి విరిగిన రోజే మొదటి పాఠం.

ఇప్పుడు మా చిన్నమామ దగ్గరికి. 1990 వేసవిలో నాలుగేళ్ళ కొడుకు కోసం ఒక రిమోట్ కారు కొని రూములో మంచం కింద పెట్టినాడంట. ఎర్రది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత రెండు నెలల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను ప్రభుత్వం విమానాల్లో తెచ్చింది, ఎక్కువమంది జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగానే. చిన్నమామ వాళ్ళలో ఒకడు. ఎడారి దాటి అమ్మాన్ చేరి, క్యాంపులో ఉండి, బొంబాయిలో దిగి, ఒక చేతి సంచితో ఇంటికొచ్చినాడు. ఎర్ర కారు మంచం కిందే ఉండిపోయింది.

తర్వాత మళ్ళీ పోయినాడు. అప్పులు అట్నే ఉండె కదా. 2005లో సెలవుకు వచ్చినప్పుడు పెట్టెలో ఒక రిమోట్ కారు ఉంది. ఆయన కొడుక్కి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మా అమ్మ చేతిలో పెట్టి "పిల్లోనికి ఇయ్యక్కా" అన్నాడు. ఆ పిల్లోడు నేనే. అప్పుడు ఈ కథంతా నాకు తెలియదు. కారు దొరికింది, అంతే.

ఆ కారు గురించి ఇంజనీరుగా రెండు మాటలు. అది 27 మెగాహెర్ట్జ్ బొమ్మ. స్టీరింగ్ అంటే పూర్తిగా ఎడమ లేదా పూర్తిగా కుడి, మధ్యలో ఏమీ లేదు. హాబీ కార్లలో ప్రపోర్షనల్ కంట్రోల్ ఉంటుంది: రిసీవర్ నుంచి సెర్వోకి సెకనుకు సుమారు 50 సార్లు ఒక పల్స్ పోతుంది, దాని పొడవు ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్లు. ఒకటిన్నర అంటే చక్రం నేరుగా, కొంచెం ఎక్కువైతే కొంచెం తిరుగుడు. మీరు కొనబోయే కారు డబ్బా మీద ప్రపోర్షనల్ అని లేకపోతే, దాని మీద ఎంత మంచి బాడీ ఉన్నా అది నా 2005 కారే.

ఇంకో గొడవ. ఎదురింటి వాళ్ళకూ కువైట్ కారు ఉండె. వాళ్ళదీ 27. నేను ముందుకు నొక్కితే వాళ్ళ కారు పోయి కాలవలో పడింది. పెద్ద పంచాయతీ అయింది. విదేశాల్లో రేసుల వాళ్ళు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు: 27లో ఆరు రంగుల ఛానళ్ళు, గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ, నీలం. రేడియోలో క్రిస్టల్ మార్చుకోవాలి, ఏరియల్‌కి ఆ రంగు జెండా కట్టాలి. ఒక రంగు ఒక్కడికే. ఈ తలనొప్పి పోయింది 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాకే, రెండు వేల దశకం మధ్యలో. రిమోటూ రిసీవరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టుకుంటాయి, పక్కవాడిది పట్టవు. మన ప్రభుత్వం కూడా సరిగ్గా 2005లోనే తక్కువ పవర్ పరికరాలకు 2.4 బ్యాండును, 27 దగ్గర సిటిజన్ బ్యాండును లైసెన్స్ లేకుండా వదిలేసింది. మా పంచాయతీ జరిగిన ఏడాదే. మీ వైఫై, బ్లూటూత్, ఆర్సీ కారు అన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే.

నా కారు ఎంతకాలం నడిచిందంటారా? గంటకు ఒక సెట్టు పెన్సిల్ సెల్లులు తినేది. నాయన రెండుసార్లు కొనిచ్చి, మూడోసారి కారును షోకేస్ పైన పెట్టేసినాడు. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. లోపల సెల్లులు కారి తుప్పు పట్టింది. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇట్లాంటి షోకేస్ ఉంటుంది.

ఇక నా తప్పు. కర్నూలులో బీటెక్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగం వచ్చినాక మొదటి బోనస్‌తో పదో వంతు టూరింగ్ కారు కొన్నా. రెడీ టు రన్, బెల్ట్ డ్రైవ్, బ్రష్‌లెస్ మోటరు. కంపెనీ పేరు అనవసరం, కారు తప్పు కాదు. కర్నూలుకు తెచ్చి, ఊరి బయట హైవే పక్క వెంచర్‌లోకి తీసుకుపోయినా. మన వెంచర్లు చూసినారు కదా, ఇళ్ళుండవు, రోడ్లుంటాయి. నా లెక్క ప్రకారం రాయలసీమలో ఆన్‌రోడ్ ట్రాక్ అంటే అదే.

ఇరవై నిమిషాలు. చిన్న కంకర చిప్పు బెల్టులోకి పోయింది. పళ్ళు లేచిపోయినాయి. ఆపే లోపల కారు ప్లాటు హద్దురాయికి కొట్టుకొని ముందు సస్పెన్షన్ ఆర్మ్ విరిగింది. ఆ ముక్క రావడానికి నలభై రోజులు పట్టింది.

తర్వాత కూర్చొని లెక్క వేసినా. టూరింగ్ కారు కింద నేలకూ చట్రానికీ మధ్య ఖాళీ ఐదారు మిల్లీమీటర్లు. పదో వంతు కారు కాబట్టి పదితో గుణించండి: నిజం కారులో ఐదారు సెంటీమీటర్లు. మన మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి పదహారు, పదిహేడు ఉంటుంది. ఇప్పుడు కాంక్రీటులో వేసే 12 ఎంఎం చిప్పును కూడా పదితో గుణిస్తే పన్నెండు సెంటీమీటర్ల బండరాయి. నేను చేసిందేమంటే, ఫార్ములా కారును తీసుకొని బండరాళ్ళు చల్లిన రోడ్డు మీద పరిగెత్తించడం. కాలిఫోర్నియా పార్కింగ్ కోసం పుట్టిన ఎత్తు అది. దానికి మా వెంచర్ సంగతి తెలియదు.

పైగా దుమ్ము. నంద్యాల వైపు నల్లరేగడి, బేతంచెర్ల వైపు రాతిపొడి. బేరింగుల్లోకి పోతే గరగరమంటుంది. ఏప్రిల్, మే ఎండ వేరే. లైపో బ్యాటరీని కారు డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేయడం అస్సలు వద్దు, ఉబ్బుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. ఈ బ్యాటరీల్లోనూ పాత చరిత్ర ఉంది: పాత నికెల్ కాడ్మియం ప్యాకులో 1.2 వోల్టుల సెల్లులు ఆరు, మొత్తం 7.2. ఇప్పటి రెండు సెల్లుల లైపో 7.4. దాదాపు అదే చోట, అదే వోల్టేజీ దగ్గర కూర్చుంది కాబట్టే కార్లు పెద్దగా మారాల్సిన అవసరం రాలేదు.

సరే, ప్రొద్దుటూరు తమ్ముడూ, ఇప్పుడు నీ పద్దెనిమిది వేలు.

ముందు నీ నేల చూసుకో. మెట్టు దిగి ఐదు నిమిషాల్లో చేరే చోటు, వారానికి మూడుసార్లు పోగలిగే చోటు. స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే, అక్కడ అడిగితే ఆదివారం ఒప్పుకుంటే, ముందు చీపురు పట్టుకొని ఊడ్చే ఓపిక ఉంటే, పదో వంతు కారు తీసుకో. అప్పుడు నా మాట తమియా టీటీ-02. 2013 నుంచి వస్తున్న చట్రం, కాబట్టి విడి ముక్కలు దొరికే అవకాశం ఎక్కువ. బెల్ట్ లేదు, షాఫ్ట్ డ్రైవ్. మామూలు కిట్‌లో బేరింగుల బదులు ప్లాస్టిక్ బుషింగులు ఇస్తారు, షాకుల్లో ఆయిల్ ఉండదు, రేసుల వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. దాని గేర్లు మూతలో ఉంటాయి, చిప్పు దూరదు. కట్టి ఇచ్చే వెర్షనూ ఉంది కానీ, నువ్వు కిట్ కట్టుకుంటేనే మంచిదని నా అభిప్రాయం. రెండు ఆదివారాలు పడుతుంది. విరిగిన రోజు ఏడుపు రాదు.

ధర విషయంలో ఒకటి గుర్తుపెట్టుకో. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచినారు, 2023లో 70కి. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ మార్కు తప్పనిసరి. అందుకే విదేశీ వీడియోలో చెప్పిన ధరను రూపాయల్లోకి మార్చుకొని ఆశపడొద్దు. కారుకే మొత్తం పెట్టేయకుండా నాలుగైదు వేలు పక్కన పెట్టు, ఛార్జరుకి, రెండో బ్యాటరీకి, ఆర్మ్ సెట్టుకి. కారు, రేడియో, ఛార్జరు అన్నీ కలిపి ఆ లెక్కలో పట్టకపోతే ఇంకో రెండు నెలలు ఆగు. అప్పు మాత్రం చేయొద్దు.

కోర్టు లేదు, వీధి మాత్రమే ఉంది అంటావా? అయితే ఆన్‌రోడ్ వద్దు. ఎత్తుగా ఉండే బగ్గీ కొను. ఎనభైల్లో జపాన్ పిల్లలు, అమెరికా పిల్లలు చేసింది అదే, అందులో నామోషీ ఏం లేదు.

లేదు, నాకు రోడ్డు కారే కావాలి అంటే, ఇంట్లోకి రా. ఇరవై ఎనిమిదో వంతు కార్లు ఉన్నాయి. అరచేతిలో పట్టేవి. జపాన్‌లో క్యోషో వాళ్ళ మినీ-జెడ్ 1999లో ఈ దారి చూపించింది, ఇప్పుడు చైనా కంపెనీలవి తక్కువలో వస్తాయి. మన ఇళ్ళల్లో కింద ఏముంది? నున్నగా పాలిష్ పట్టిన బేతంచెర్ల బండలు, నల్ల కడప బండలు. ప్రపంచం కార్పెట్ పరుచుకుని ఆడుతుంటే మనకు ట్రాకు కాళ్ళ కింద ఉంది. ఊడ్చేది కూడా అమ్మే. కాదు, నువ్వు ఊడ్చు. ఒక్క ఇబ్బంది బండల మధ్య సందు. మూడు మిల్లీమీటర్ల సందు ఆ కారుకి ఎనిమిది సెంటీమీటర్ల గాడి. సిమెంటు పూసి ఉంటే సరే.

నేను ఇప్పుడు తిప్పేది అదే. పోయిన సంక్రాంతికి ఊరికి తీసుకుపోయినా. చిన్నమామ పూర్తిగా వచ్చేసినాడు, అరుగు మీద కూర్చోనుండె. ఆయన కొడుకు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు, మనవడు ఇక్కడ. మనవనికి రిమోట్ ఇచ్చినా. వాడు రెండు నిమిషాలు తిప్పి, కారును గోడకు కొట్టి, ఫోన్ తీసుకొని పోయినాడు. రిమోట్ చిన్నమామ చేతికొచ్చింది. ముప్పై ఏళ్ళు వాళ్ళ పెద్ద కార్లు నడిపిన మనిషి. వేలు ఎంత మెల్లగా నొక్కినాడంటే కారు కదిలిందో లేదో తెలియలేదు. బండల సందు దగ్గరికి రాగానే నేరుగా పోనీలేదు, ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం దాటించినాడు. స్పీడ్ బ్రేకరు మీద తక్కువ ఎత్తు కారు దాటించినట్టు.

"ఆ ఎర్ర కారు ఇట్నే తిరుగుతుండెనా మామా?" అని అడిగినా.

"యాడ తిప్పినాన్రా అబ్బీ. డబ్బా గూడ ఇప్పలా" అన్నాడు. కారును మళ్ళీ సందు దగ్గరికి తెచ్చి, ఈసారి వెనక్కి దాటించడానికి చూస్తాండాడు.